సెప్ రట్టర్‌కు మిగిలిన ఒక్క మాట

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున పావురాలకు గింజలు వేస్తూ వేస్తూ సెప్ రట్టర్ షెడ్డు గుమ్మంలో కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. నోటి మాట కూడా పోయింది. పోగా పోగా ఒకే ఒక్కటి మిగిలింది. "కమాన్."

అదే ఎందుకు మిగిలిందని మా కోల్డ్‌లా ఊళ్లో తలా ఒక కారణం చెప్పారు. పావురాలను కిందికి దింపడానికి ముప్ఫై ఏళ్లుగా గింజల డబ్బా ఆడిస్తూ అదే అన్నాడు కనక నాలుకకు అది అంటుకుపోయిందని క్లబ్బులో అన్నారు. పడిపోయేటప్పుడు నోట్లో ఉన్నది అదే కనక అదే ఉండిపోయిందని మర్టిల్ అంది. మర్టిల్ వాడి భార్య, బడి వంటింట్లో పనిచేస్తుంది. నన్నడిగితే, సెప్‌కు అసలే మాటలు తక్కువ. ఉన్న నాలుగింటిలో ఏదో ఒకటి మిగలాలి కదా.

నేను మ్యాటీ డాడ్స్‌ని. కోల్డ్‌లా గనిలో ఇరవై ఆరేళ్లు వాడి పక్కనే బొగ్గు కొట్టాను. వాడి అసలు పేరు సెప్టిమస్, ఇంట్లో ఏడోవాడు. రోజుకు ఇరవై మాటలు ఆడితే ఎక్కువ, అందులో పదిహేను పావురాలతో. ఇక మొండితనం సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి వాడి పందెం పావురాల్లో ఒక పోతుకు మెల్లకన్ను ఉందని నోరు జారాను. దానికి రెండేళ్లు నాతో మాట్లాడలేదు. రెండడుగుల ఎత్తున్న బొగ్గు పొరలో ఇద్దరం పక్కపక్కనే పడుకుని పనిచేసేవాళ్లం, నా మోచెయ్యి వాడి డొక్కలో ఉండేది, అయినా పలికేవాడు కాదు. మూడో ఏడు పైకప్పు కూలి నా కాళ్ల మీద పడితే బయటికి లాగింది వాడే. నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక చెవి దగ్గరికి వంగి, "ఆ పోతుకు మెల్ల లేదు" అన్నాడు. ఆ రోజునుంచి మళ్లీ మాటలు కలిశాయి.

ఏప్రిల్‌లో ఆసుపత్రి డాక్టరు మర్టిల్‌ను పిలిచి కూచోబెట్టాడు. నేను తోడు వెళ్లాను.

"మనం అనేది ఆయనకి అర్థమవుతోందని నేను అనుకోవటం లేదమ్మా," అన్నాడు. "ఆ కమాన్ అనేది మాట కాదు. తుమ్ము లాంటిది. దానంతటదే వస్తుంది."

"తుమ్ము మనిషిని బట్టి రాదు కదండీ," అంది మర్టిల్. "నన్ను చూస్తే ఒకలా అంటారు, నర్సమ్మని చూస్తే ఇంకోలా అంటారు. మిమ్మల్ని చూస్తే ఎలా అంటారో చెప్పమంటారా?"

డాక్టరు చెప్పమనలేదు. ఆయన చెడ్డవాడేం కాదు, చెప్పాల్సింది విడమరిచి చెప్పాడు. మాట లేకపోయినా గ్రహింపు ఉంటే మనిషి ఇంట్లో ఉండొచ్చు. గ్రహింపే లేకపోతే బొగ్గుల పొయ్యి ఉన్న ఇంట్లో, మర్టిల్ బడికి వెళ్లినప్పుడు ఒంటరిగా వదలడం కుదరదు. అప్పుడిక కొండ మీది వార్డే. ఆరు వారాలు ఇంటికి పంపుతారు. ఆ తర్వాత ఆసుపత్రి తరఫున ఒకావిడ వచ్చి చూసి రాస్తుంది. ఆమె ఎలా రాస్తే అలా.

కొండ మీది వార్డు ఒకప్పుడు దిక్కులేనివాళ్లను పెట్టే చోటు. పేరు మార్చారు, రంగు వేశారు, కిటికీలు మాత్రం తలకంటే ఎత్తులోనే ఉంచారు. బుధవారం ఒక గంట, ఆదివారం ఒక గంట చూడనిస్తారు. మా ఊరినుంచి అక్కడికి వెళ్లినవాళ్లు నాకు చాలామంది తెలుసు. తిరిగి వచ్చినవాళ్లు ఒక్కరూ తెలియదు. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేదాకా మర్టిల్ గట్టిగానే ఉంది. బస్సు స్టాపులో మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"అక్కడ పడేస్తే నెల్లాళ్లు బతకడు మ్యాటీ. లోపల మనిషి ఉన్నాడు. నువ్వు నమ్ముతావా?"

నమ్ముతానన్నాను. అబద్ధం. అప్పటికి నాకు నమ్మకం లేదు.

నిజానికి మా భాషలో ఆ మాటకు చాకిరీ ఎక్కువ. తొందర పెట్టడానికి అదే, బతిమాలడానికీ అదే. వాన మొదలవడానికి, జలుబు చెయ్యడానికి, దీపం వెలగడానికి, పాదులో మొక్క ఏపుగా రావడానికి అన్నింటికీ అదే. దమ్ముంటే రారా అని మీదికి పిలవడానికీ, చాల్లే నీ కోతలు అనడానికీ కూడా అదే. మామూలుగా ఎవరం పట్టించుకోం, చుట్టూ ఇంకో పది మాటలుండి దానికి దారి చూపిస్తాయి. సెప్‌కు చుట్టూ ఏమీ లేవు. ఆ ఒక్కదాన్నే గొంతు మార్చి మార్చి వాడుకోవాలి.

ఆ గొంతులన్నీ మర్టిల్ ఒక పాత నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. చివర సాగదీస్తే దుప్పటి జారిందని. గబగబా రెండుసార్లు అంటే ఒంటికి పోవాలని. గొంతు దించి కిటికీ వైపు చూస్తూ అంటే వాన పట్టింది, బట్టలు తియ్యమని. ముక్కుతో అంటే కాదని, నువ్వు చెప్పేది అబద్ధమని. మే నెల వచ్చేసరికి పందొమ్మిది రాసింది. కొన్నింటి పక్కన ప్రశ్న గుర్తులుండేవి, కొన్నింటిని కొట్టేసి మళ్లీ రాసింది.

"ఊరుకో మర్టిల్," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక. "కుక్క మొరిగినా జనం ఇలాగే అర్థాలు చెప్పుకుంటారు."

ఆ రోజు నాకు టీలో చక్కెర వెయ్యలేదు, అంతే.

తర్వాతి శనివారం సెప్ పక్కన కూచుని ఊరికే ఏదో ఒకటి మాట్లాడాలని పెరట్లో నేను పెంచే లీకు ఉల్లికాడల గురించి చెప్పాను. ఈ ఏడు ఊరి కూరగాయల పోటీలో నన్ను కొట్టేవాడు లేడని, ఒక్కో కాడ నా మణికట్టంత లావుందని. సెప్ నా మణికట్టు వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు. మూతి ఒక పక్కకు లాగి, "కమాన్," అన్నాడు.

ఆ గొంతు నేను ఇరవై ఆరేళ్లు విన్నాను. గనిలో చీకట్లో నేను కోతలు కోసిన ప్రతిసారీ పక్కనుంచి వచ్చిన గొంతు అది. నాకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "నీ బొంద, నీ వాటికంటే లావే," అని పెరట్లోకి వెళ్లి ముక్కు తుడుచుకున్నాను. మర్టిల్ వెనకే వచ్చింది.

"ఇప్పుడు చెప్పు, కుక్కేనా?"

"కుక్కే. నన్ను ఎప్పుడూ కరిచే కుక్కే," అన్నాను.

అప్పటినుంచి వారానికి మూడుసార్లు వచ్చేవాణ్ణి. నాలుగు మైళ్ల అవతల కొత్తగా కట్టిన ఇళ్లలో ఉంటాను నేను. అక్కడ పావురాలు పెట్టనివ్వరు, అందుకని నావి ఎప్పుడో వదులుకున్నాను. సెప్ పావురాలను ఇప్పుడు మర్టిల్ చూస్తోంది. పావురాల దుమ్ము ఆమె ఊపిరితిత్తులకు పడదని రెండేళ్ల కిందటే చెప్పారు. సెప్ బాగున్నంతకాలం ఆమెను షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీకి శుభ్రం చేసి వచ్చి, వంటింట్లో తొట్టి అంచు పట్టుకుని దగ్గేది. ఆ దగ్గు ఆగేదాకా సెప్ కుర్చీలోంచి వంటింటి తలుపు వైపే చూస్తూ ఉండేవాడు. నేను సాయం చేస్తానంటే మర్టిల్ ఒప్పుకునేది కాదు. అవి సెప్‌వి, సెప్ ఇంట్లో ఉన్నాడు కనక అవీ ఉండాలి, తనే చూడాలి, అంతే.

ఆసుపత్రినుంచి ఉత్తరం వచ్చింది. మనిషిని పంపుతాం, మీకు వీలైన మధ్యాహ్నం చెప్పండని రాశారు. బుద్ధున్నవాళ్లెవరైనా మంగళవారమో బుధవారమో చెప్తారు. మేం శనివారం చెప్పాం. ఆ శనివారం ఫ్రాన్స్‌లోని లీల్ ఊరినుంచి పావురాల పందెం ఉంది, అక్కడ వదిలితే ఏది ముందు తన ఇల్లు చేరితే దానిది గెలుపు. పందెం రోజున సెప్ ముఖం ఎలా వెలుగుతుందో ఆవిడ కళ్లారా చూస్తే చాలని మర్టిల్ అంది. నిజమేనన్నాను నేను. పావురాలవాళ్లకు తప్ప ఇంకెవరికీ పుట్టదు ఇలాంటి తెలివి.

గురువారం పందేనికి పంపే పావురాన్ని సెప్పే ఎంచాడు. నేను రెండుసార్లు వేరే వాటిని పట్టుకుంటే రెండుసార్లూ ముక్కుతో అన్నాడు. మూడోసారి నీలిగళ్ల పెట్టను పట్టుకుంటే ఏమీ అనలేదు, ఎడమ చేత్తో దాని రెక్క విప్పి ఈకలు చూశాడు. "ఇదీ రాయి మర్టిల్," అన్నాను. "ఏమీ అనకపోతే అవునని." మర్టిల్ ఆ రోజు నవ్వింది.

శనివారం రెండు గంటలకు ఆసుపత్రినుంచి మిస్ పార్జిటర్ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, ముఖంలో మంచితనం ఉంది. ఒంటి మీద మాత్రం పసుప్పచ్చ కోటు. పెరట్లో కొత్త రంగు కనబడితే పావురం దిగదు, ఇంటి కప్పు మీదే కూచుంటుంది. పందెంలో పావురం ఇంటికి రాగానే అయిపోదు మరి. షెడ్డులోకి దూరాలి, కాలికున్న రబ్బరు ఉంగరం తీసి పందెం గడియారంలో వేసి, వచ్చిన వేళ అచ్చుపడేలా మీట నొక్కాలి. అప్పటిదాకా అది ఇంకా దారిలో ఉన్నట్టే. అమ్మా, కాస్త ఆ కోటు విప్పుతావా అని నేను అడగాల్సింది. మాకు తీర్పు చెప్పడానికి వచ్చిన మనిషిని కోటు విప్పమని ఎలా అడుగుతాం.

సెప్‌ను షెడ్డు పక్కన కుర్చీలో కూచోబెట్టాం. ఒళ్లో గింజల డబ్బా, ఎడమ చెయ్యి దాని మీద. మర్టిల్ ఉన్నవాటిలో మంచి కప్పులు తెచ్చింది, కేకు తెచ్చింది. మిస్ పార్జిటర్ కాగితాలు తీసింది.

"రట్టర్ గారూ, ఆ కప్పు నాకు అందిస్తారా?"

సెప్ దక్షిణం వైపు ఆకాశం చూస్తున్నాడు.

"సెప్, అమ్మాయిగారు కప్పు అడుగుతున్నారు," అంది మర్టిల్.

"కమాన్," అన్నాడు సెప్, తల తిప్పకుండా.

"అంటే ఏమిటండీ?" అని మిస్ పార్జిటర్ మర్టిల్‌ను అడిగింది.

"కాస్త ఆగమంటున్నారు."

"ఎందుకు ఆగాలి?"

"పావురం వచ్చే వేళయిందండీ."

ఆమె ఏదో రాసుకుంది. మర్టిల్ నోటుబుక్కు తీసి ఇవ్వబోయింది. మిస్ పార్జిటర్ మర్యాదగానే రెండు పేజీలు తిప్పింది. "ఇదంతా మీ ప్రేమ అమ్మా, కాదనను. కానీ నేను ఆయన్ని చూడాలి, మీరు రాసింది కాదు," అంది. అందులో తప్పు పట్టడానికి నాకేం కనబడలేదు.

ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయింది. టోపీ ఎక్కడుందో చూపించమంది. కళ్లు మూసుకోమంది. పందెం రోజున కళ్లు మూసుకోమంది. నిప్పు ముట్టుకుంటే ఏమవుతుందని అడిగింది. నలభై ఏళ్లు గనిలో చేసి అరవై మూడేళ్లొచ్చినవాణ్ణి నిప్పు కాలుతుందా అని అడిగితే, నోరున్నవాడైనా జవాబు చెప్పడు. సెప్ దేనికీ ఆమె వైపు చూడలేదు. ఆరు ప్రశ్నలయ్యాయి. ఒక్కో ప్రశ్నకూ మర్టిల్ ముఖంలో రక్తం తగ్గుతూ వచ్చింది.

"ఆఖరిది. మీ ఎడమ చెయ్యి పైకెత్తండి చాలు," అంది మిస్ పార్జిటర్. గొంతు చూస్తే ఆమెకే జాలిగా ఉన్నట్టుంది.

మర్టిల్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూచుంది. "సెప్, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కటి చెయ్యి. చెయ్యెత్తు. ఎత్తకపోతే నిన్ను తీసుకుపోతారు. నాకోసం ఎత్తు."

సెప్ అప్పుడు ఆకాశం మీంచి కళ్లు తిప్పి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. డబ్బా మీంచి చెయ్యి తీశాడు. ఆ చెయ్యి మెల్లగా పైకి లేచింది. చెయ్యి భుజం దాటి పైకి వెళ్లింది, వెళ్లి వేలు చాచి గని బావి చక్రం వైపు చూపించింది. చక్రం మీదుగా ఒక నల్ల చుక్క వస్తోంది.

మిస్ పార్జిటర్ కాగితం మీద తల వంచి రాసుకుంటోంది. ఆమె చూడలేదు. ఇదిగో ఎత్తాడు చూడండి అని మాలో ఎవరైనా అన్నామా? అనలేదు. నేను పావురాన్ని చూస్తున్నాను. మర్టిల్ కూడా మోకాళ్ల మీదనే వెనక్కి తిరిగి పావురాన్ని చూస్తోంది.

నీలిగళ్ల పెట్ట ఒక చుట్టు తిరిగి కిందికి దిగబోయి, పసుప్పచ్చ కోటును చూసి ఇంటి కప్పు కొసన వాలింది. అక్కడే కూచుంది. ఫ్రాన్స్‌నుంచి సముద్రం దాటి వచ్చి, షెడ్డుకు పది గజాల దూరంలో కూచుని ఈకలు సర్దుకుంటోంది. మిస్ పార్జిటర్ తలెత్తి, "అదేనా మీ పావురం?" అని లేచి నిలబడింది, ఇంకా బాగా కనబడాలని.

అప్పుడు సెప్ లేచాడు. ఫిబ్రవరినుంచి ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనివాడు తనంతట తను లేచి, ఎడమ చేత్తో ఆమె కోటు నడికట్టు పట్టుకుని కిందికి లాగాడు. ఆమె లీకు పాదులో మోకాళ్ల మీద పడింది. "కమాన్," అన్నాడు పళ్ల మధ్యనుంచి, "కమాన్, కమాన్." వంగు, దాక్కో, కనబడకు అని. మా ఊళ్లో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది అది. ఆమె కెవ్వున అరిచింది. పావురం రెక్కలు విప్పింది.

నేనేం చేశానో చెప్తాను. ఆ అమ్మాయిని భుజాలు పట్టి లేపి, "నోరు మూసుకుని కాసేపు లోపలుండు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని బొగ్గుల గదిలోకి తోసి గడియ వేశాను. వేసేటప్పుడు నా బుర్రలో వార్డు లేదు, డాక్టరు లేడు, ఉత్తరం లేదు. పావురం ఒక్కటే ఉంది.

ఏడు నిమిషాలు కూచుంది అది. సెప్ కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడి డబ్బా ఆడిస్తూ మెత్తగా పిలుస్తున్నాడు. ఆ పిలుపు విని మర్టిల్ కళ్లు తుడుచుకుంది. ముప్ఫై ఏళ్లలో తనను ఒక్కసారైనా అలా పిలిచాడో లేదో నాకు తెలియదు. చివరికి పావురం దిగింది, దూరింది. మర్టిల్ పట్టుకుంది, ఉంగరం నేను లాగాను, గడియారం మీట సెప్ నొక్కాడు. ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వాం. సెప్ సగం మూతితో నవ్వుతున్నాడు, మిగతా సగంలోంచి ఉమ్మి కారుతోంది, మర్టిల్ తన జాకెట్టు చేతితో తుడుస్తూ నవ్వుతోంది. లోపలినుంచి తలుపు కొట్టిన చప్పుడు విన్నాక గానీ మాకు లోకం గుర్తురాలేదు.

మిస్ పార్జిటర్ బయటికి వచ్చింది. కోటు నల్లగా అయింది, మోకాలు గీరుకుపోయి రక్తం వస్తోంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అందుకే భయమేసింది నాకు.

"సందులోంచి చూశాను," అంది మర్టిల్‌తో. "ఆయన చాలా సంతోషంగా ఉన్నారు."

"చూశారు కదండీ. అన్నీ తెలుస్తాయి. పావురం ఎందుకు దిగటంలేదో కూడా తెలిసే మిమ్మల్ని..."

"పావురం సంగతి తెలిసింది. నేను ఏడు అడిగాను, ఒక్కటీ తెలియలేదు."

"చెయ్యెత్తారండీ. మీరడిగితే ఎత్తారు. మ్యాటీ చూశాడు. చెప్పు మ్యాటీ."

"ఎత్తాడమ్మా, ఒట్టు," అన్నాను. ఆమె నా వైపు చూసింది. గడియ వేసినవాడి ఒట్టుకు విలువెంత ఉంటుంది.

"ఇవాళ నన్ను లాగారు," అంది ఆమె మెల్లగా. "రేపు పొయ్యి దగ్గర మిమ్మల్ని లాగితే ఏం చేస్తారమ్మా? నేను చూసింది రాయక తప్పదు."

పందెంలో మా పావురానికి నాలుగో చోటు వచ్చింది. ఆ ఏడు నిమిషాలు పోకపోతే మొదటిది.

సోమవారం నేను ఆసుపత్రికి వెళ్లి తప్పంతా నాదేనని డాక్టరుకు చెప్పాను. "గడియ నువ్వు వేశావు, సరే. కింద పడేసింది ఆయనే కదా," అన్నాడు. గురువారం ఉత్తరం వచ్చింది. మాట గ్రహింపు లేదు, పరాయివాళ్ల మీద చెయ్యి చేసుకునే స్వభావం ఉంది, సోమవారం పదకొండింటికి ఆంబులెన్సు వస్తుంది. ఎన్నాళ్లకో రాయలేదు. అక్కడికి పంపేవాళ్లకు ఎన్నాళ్లో రాయరు.

మర్టిల్ దాన్ని నాకు చదివి వినిపించింది. తర్వాత ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, ఉత్తరం పట్టుకుని సెప్ కుర్చీ పక్కన కూచుంది.

"ఇదిగో సెప్, ఆసుపత్రి వాళ్లు రాశారు. రెండు వారాలట. కాలికి మర్దనా చేసే కొత్త మనిషి వచ్చాడట. రెండు వారాలు చేయించుకుని మళ్లీ ఇంటికి." కాగితం వైపు చూస్తూనే చదివింది, ఒక్కచోట కూడా తడబడలేదు. జబ్బు చేసినప్పటినుంచి సెప్‌కు అక్షరాలు తెలియడంలేదని ఆమెకు తెలుసు.

సెప్ అంతా విన్నాడు. తలాడించాడు. ఆమె మోకాలి మీద రెండుసార్లు తట్టాడు.

సోమవారం తొమ్మిదింటికే నేను వచ్చాను. మర్టిల్ లోపల వాడి బట్టలు సర్దుతోంది. సెప్ నా చొక్కా పట్టుకుని షెడ్డు వైపు లాగాడు. అడుగులో అడుగు వేసుకుంటూ తీసుకెళ్లాను. అప్పుడే లోపలినుంచి మర్టిల్ దగ్గు మొదలైంది. సెప్ ఆగి, ఇంటి వైపు వేలు చూపించాడు. తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత పావురాల వైపు చూపించాడు. మళ్లీ ఇంటి వైపు. ఆ దగ్గు పావురాల దుమ్ము వల్లేనని అంటున్నాడు, నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చూపించాడు. తర్వాత నీలిగళ్ల పెట్టను తనే పట్టుకుని నా చేతుల్లో పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెలితిప్పాడు.

పందెం పావురం ఒక ఇంటికి అలవాటు పడితే ఇంకో ఇంటిది కాదు. ఎక్కడ వదిలినా తిరిగి ఆ కప్పు మీదికే వస్తుంది. అందుకే మా వైపు షెడ్డు మూసేసే మనిషి పావురాలను ఎవరికీ ఇవ్వడు, మెడ విరిచేస్తాడు. అందరికీ తెలిసిందే, ఎవరూ దాని గురించి మాట్లాడరు.

"రెండు వారాలేరా," అన్నాను. "మర్టిల్ చదివింది కదా. రెండు వారాలు నేను చూసుకుంటాను. దేనికిది?"

సెప్ నన్ను తేరిపార చూశాడు. కోపం లేదు వాడి ముఖంలో. "కమాన్," అన్నాడు, ఇక పని మొదలుపెట్టరా అన్నట్టు.

పదకొండింటికి ఆంబులెన్సు వచ్చింది. మర్టిల్ వాడితోపాటే ఎక్కింది. వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత నేను షెడ్డులోకి వెళ్లాను. పద్నాలుగు పావురాలు. నీలిగళ్ల పెట్టను ఆఖరుకు ఉంచాను. అన్నింటినీ గోనెసంచిలో వేసి లీకు పాదు పక్కన లోతుగా పూడ్చాను, షెడ్డు కడిగాను, తలుపులు బార్లా తెరిచి పెట్టాను. ఆ తర్వాత వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను.

ఆరింటి బస్సుకు మర్టిల్ వచ్చింది. బట్టలు కూడా మార్చుకోకుండా గింజల డబ్బా తీసుకుని పెరట్లోకి వచ్చి, తెరిచి ఉన్న తలుపులు చూసింది. లోపలికి వెళ్లి ఖాళీ గూళ్లు చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?" అంది. అరవలేదు.

"సెప్."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు దగ్గుతుంటే."

ఆమె డబ్బా కింద పెట్టి షెడ్డు గడప మీద కూచుంది. నేను ఎదురుగా నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది.

"రెండు వారాలకి వెళ్లేవాడు పావురాల్ని చంపించుకోడు కదా మ్యాటీ."

"చంపించుకోడు."

"అంటే నేను చదివింది నమ్మలేదు."

"లేదు."

"దారంతా నా చెయ్యి నిమురుతూనే ఉన్నాడు ఆంబులెన్సులో. నమ్మాడనే అనుకున్నా. అమ్మయ్య అనుకున్నా." ఆమె కాసేపు దగ్గింది. దగ్గు ఆగాక కూడా తల ఎత్తలేదు. "ఫిబ్రవరినుంచి కనబడ్డ ప్రతివాడితోనూ దెబ్బలాడాను, ఆయనకి అన్నీ అర్థమవుతాయని. ఒక్కడూ నమ్మలేదు. ఇప్పుడు అక్కడ ఆ మంచం మీద పడుకుని ఉన్నాడు మ్యాటీ. అన్నీ అర్థమవుతూ ఉంటాయి."